పిల్లల్లో ఆస్తమా: గుర్తించడం నుంచి అదుపులో పెట్టడం దాకా

ఆస్తమా ఉన్న పిల్లల ఇళ్లలో చాలాచోట్ల ఒకే వరస కనిపిస్తుంది. ఆయాసం వచ్చిన రాత్రి ఇంటిల్లిపాదికీ టెన్షన్, ఆస్పత్రికి పరుగు, మందును సన్నటి తుంపరలా పీల్పించే నెబులైజర్, నాలుగు రోజుల మందులు. బిడ్డ తేరుకోగానే ఇన్‌హేలర్ అలమారలోకి వెళ్లిపోతుంది. మళ్లీ జలుబు చేసేదాకా దాని ఊసే ఉండదు. ఆస్తమాకు అసలు వైద్యం జరగాల్సింది మాత్రం ఆ మధ్యలో గడిచిపోయే మామూలు రోజుల్లోనే. లక్షణాలను ఎలా పట్టుకోవాలి, డాక్టర్‌కి ఏం చెప్పాలి, రోజూ మందు ఎలా ఇవ్వాలి, అయినా ఆయాసం వస్తే ఆ నిమిషాల్లో ఏం చేయాలి అన్నవి ఒక్కొక్కటిగా చూద్దాం.

లోపల ఏం జరుగుతుంది

ఊపిరితిత్తుల్లోకి గాలి మోసుకెళ్లే గొట్టాలకు లోపలివైపు మెత్తటి పొర, దాని చుట్టూ కండరం ఉంటాయి. ఆస్తమా ఉన్న పిల్లల్లో ఆ పొర పైకి ఏ బాధా కనిపించని రోజుల్లో కూడా కాస్త వాచే ఉంటుంది. దానికి జలుబు వైరస్సో, పొగో, దుమ్మో తగిలిందంటే కండరం బిగుసుకుంటుంది, పొర ఇంకా వాస్తుంది, చిక్కటి కఫం పేరుకుంటుంది. దారి ఇరుకైపోయి గాలి బయటికి రావడానికి కష్టపడుతుంది. ఆ ఇరుకులోంచి గాలి దూరి వచ్చేటప్పుడు వినిపించే ఈల లాంటి చప్పుడే పిల్లికూతలు. పసిపిల్లల గొట్టాలు అసలే సన్నం కాబట్టి కొద్దిపాటి వాపుకే వాళ్లు ఎక్కువ ఇబ్బంది పడతారు.

బిగుసుకున్న కండరానికి ఒక మందు, వాపుకు వేరే మందు. ఈ తేడా తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

మొదటి మెట్టు: లక్షణాల వరసను గమనించండి

దగ్గు, పిల్లికూతలు, ఆయాసం, ఛాతీ పట్టేసినట్టు ఉండటం. ఆస్తమా లక్షణాలు ఈ నాలుగే. ఇవి ఏ పిల్లలకైనా ఎప్పుడో ఒకప్పుడు వస్తాయి, కాబట్టి ఒక్కసారి చూసి ఏమీ తేల్చలేం. అవి ఎప్పుడు వస్తున్నాయి, ఎన్నిసార్లు తిరగబెడుతున్నాయి అన్నదే చూడాలి.

రాత్రి, ముఖ్యంగా తెల్లవారుజామున వచ్చే పొడి దగ్గు. పరుగెత్తినా, గట్టిగా నవ్వినా, ఏడ్చినా మొదలయ్యే దగ్గు. జలుబు చేసిన ప్రతిసారీ అది ఛాతీలోకి దిగి పది రోజులు దాటినా తగ్గకపోవడం. పొగ, ఘాటైన వాసన, చల్లగాలి తగలగానే గొంతు గరగరమని దగ్గు తెర రావడం. ఇవి మళ్లీ మళ్లీ వస్తూ, మధ్యలో బిడ్డ పూర్తిగా మామూలుగా ఉంటుంటే ఆస్తమాను అనుమానించాలి. తల్లికో తండ్రికో ఆస్తమా ఉన్నా, బిడ్డకు ఎగ్జిమా (చర్మం పొడిబారి దురదపెట్టే జబ్బు) లేదా తరచూ తుమ్ములు, ముక్కు కారడం లాంటి అలర్జీ ఉన్నా ఆ అనుమానం ఇంకా బలపడుతుంది. ఆస్తమా ఉన్న పిల్లలందరికీ పిల్లికూతలు వినిపించవు. కొందరిలో కనిపించేది దగ్గు ఒక్కటే. దాంతో నెలల తరబడి దగ్గు సిరప్‌ల మీదే బండి నడిపేస్తుంటారు.

చిన్నపిల్లలు "నాకు ఊపిరి ఆడటం లేదు" అని చెప్పలేరు. కడుపు నొప్పి అంటారు, గుండె దగ్గర ఏదోలా ఉందంటారు. ఆటలో అందరికంటే ముందే పక్కకు వచ్చి కూర్చుంటారు, రెండడుగులు నడిచి ఎత్తుకోమంటారు. పాలు తాగే పసిబిడ్డ మధ్యమధ్యలో వదిలేసి రొప్పుతుంది. ఆటలంటే ఇష్టం లేని పిల్లవాడని, బద్ధకమని ముద్ర వేసేముందు ఒకసారి వాడి ఊపిరి గమనించండి.

ఎలా గమనించాలి? బిడ్డ నిద్రపోతున్నప్పుడు చొక్కా పైకి తీసి, మంచి వెలుతురులో ఛాతీని, పొట్టను చూడండి. మామూలు శ్వాసలో పొట్ట నెమ్మదిగా లేచి దిగుతుంది, అంతే. కష్టపడుతున్న శ్వాసలో పక్కెముకల మధ్య చర్మం లోపలికి లాక్కుపోతుంది, డొక్కలు ఎగురుతుంటాయి, మెడ కింద గొంతు గుంట లోతుగా కనిపిస్తుంది, ముక్కుపుటాలు అదురుతుంటాయి. ఫోన్‌లో టైమర్ పెట్టుకుని నిండా ఒక నిమిషం శ్వాసలు లెక్కపెట్టండి. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే పసిపిల్లల్లో లెక్క తప్పుతుంది, ఎందుకంటే వాళ్ల శ్వాస ఒకే తీరులో సాగదు. ప్రశాంతంగా ఉన్నప్పుడు కూడా నిమిషానికి రెండు నెలల నుంచి ఏడాది లోపు పిల్లల్లో 50, ఒకటి నుంచి ఐదేళ్ల పిల్లల్లో 40 లేదా అంతకు మించితే అది వేగమైన శ్వాస కిందే లెక్క అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. జ్వరం ఉన్నా, అప్పుడే ఏడ్చి ఆపినా అంకె పెరుగుతుంది కాబట్టి కాస్త కుదుటపడ్డాక చూడాలి.

ఇంకో పని తప్పకుండా చేయండి. ఆయాసంగా ఉన్నప్పుడు ఛాతీ కదలిక, చప్పుడు రెండూ వచ్చేలా అర నిమిషం వీడియో తీసి పెట్టుకోండి. ఆస్పత్రికి చేరేసరికి చాలామంది పిల్లలు మామూలైపోతారు, డాక్టర్ స్టెతస్కోప్ పెడితే ఏమీ వినిపించదు. అలాంటప్పుడు ఆ వీడియోను మించిన ఆధారం ఉండదు. దాంతోపాటు చిన్న నోట్‌బుక్‌లో తేదీ, ఏ వేళ, ఏం చేస్తుండగా మొదలైంది, ఏమిస్తే తగ్గింది, రాత్రి నిద్ర లేచారా అన్నవి రాసుకోండి. నాలుగు వారాలు రాస్తే వరస అదే బయటపడుతుంది.

రెండో మెట్టు: ఆస్తమాయేనని తేల్చుకోవడం

పిల్లికూతలు వచ్చిన ప్రతి బిడ్డకూ ఆస్తమా ఉండదు. ఐదేళ్లలోపు పిల్లల్లో చాలామందికి వైరస్ జలుబుతో పాటు పిల్లికూతలు వస్తాయి, పెరిగేకొద్దీ వాటంతట అవే పోతాయి. జలుబు లేని రోజుల్లో కూడా దగ్గు, ఆయాసం ఉంటే, ఇంట్లో అలర్జీల చరిత్ర ఉంటే ఆస్తమా అయ్యే అవకాశం ఎక్కువ. ఈ వయసులో ఒక్క పరీక్షతో తేలిపోయే పని కాదు. డాక్టర్ అనుమానం మీద తక్కువ మోతాదు నివారణ ఇన్‌హేలర్‌ను రెండు మూడు నెలలు వాడించి, తగ్గితే ఆపి చూసి నిర్ణయించడం సర్వసాధారణం. దీన్ని "డాక్టర్‌కే తెలియక ప్రయోగం చేస్తున్నాడు" అనుకోవద్దు. ఈ వయసుకు సరైన పద్ధతి అదే.

ఐదారేళ్లు దాటిన పిల్లలు స్పైరోమెట్రీ చేయగలరు. గొట్టంలోకి బలంగా ఊదిస్తారు, బిగుసుకున్న గొట్టాలను వదులు చేసే సాల్బుటమాల్ ఇచ్చి పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ ఊదిస్తారు. మొదటి సెకనులో ఊదిన గాలి సుమారు 12 శాతం, అంతకు మించి పెరిగితే ఆస్తమాకు గట్టి ఆధారం దొరికినట్టే. ఆయాసం లేని రోజున ఈ పరీక్ష నార్మల్‌గా రావచ్చు, అంతమాత్రాన ఆస్తమా లేదని కాదు. ఎక్స్‌రేలో ఆస్తమా కనిపించదు, అది వేరే జబ్బులు లేవని చూసుకోవడానికి తీస్తారు. అలర్జీ పరీక్షలు ఏది పడటం లేదో చెప్పగలవు, ఆస్తమా ఉందో లేదో చెప్పలేవు.

ఈ కింది వాటిలో ఏది ఉన్నా ఆస్తమా అని సరిపెట్టుకోకుండా వేరే కారణం వెతకమని డాక్టర్‌ను అడగండి:

- పుట్టినప్పటి నుంచే శ్వాసలో చప్పుడు.
- తింటూనో ఆడుకుంటూనో ఉండగా పొలమారినట్టై, ఒక్కసారిగా మొదలైన దగ్గు. గింజ, బొమ్మ ముక్క లాంటిది గొట్టంలో ఇరుక్కుని ఉండవచ్చు. ఇది ఆలస్యం చేయకూడని విషయం.
- నాలుగు వారాలు దాటినా తగ్గని కఫంతో కూడిన దగ్గు.
- బరువు పెరగకపోవడం, తగ్గని జ్వరం, పదేపదే న్యుమోనియా.
- వేళ్ల చివర్లు ఉబ్బి గోళ్లు గుండ్రంగా మారడం.
- పాలు తాగగానే కక్కుకుని దగ్గడం.

మూడో మెట్టు: రెండు మందుల తేడా

మొదటిది తక్షణ ఉపశమనం ఇచ్చేది, రిలీవర్. ఎక్కువగా సాల్బుటమాల్, చాలా దేశాల్లో నీలిరంగు ఇన్‌హేలర్. బిగుసుకున్న కండరాన్ని నిమిషాల్లో వదులు చేస్తుంది, నాలుగు నుంచి ఆరు గంటలు పనిచేస్తుంది. ఇచ్చాక కాసేపు చేతులు వణకడం, గుండె దడ, హుషారు ఎక్కువవడం మామూలే. వాపు మీద ఇది పనిచేయదు.

రెండోది నివారణ మందు, ప్రివెంటర్. బుడెసొనైడ్, ఫ్లూటికాసోన్, బెక్లోమెథాసోన్ లాంటి పీల్చే స్టెరాయిడ్. ఇది రోజూ వాడితేనే వాపు తగ్గుతుంది. ఫలితం కొద్ది రోజుల్లో మొదలై వారాల మీద నిలదొక్కుకుంటుంది. వేసిన పూట ఏ తేడా తెలియదు, దీన్ని మధ్యలో మానేయడానికి పెద్ద కారణం అదే.

స్టెరాయిడ్ అనగానే తల్లిదండ్రులకు భయం వేయడం సహజం. కాబట్టి అంకెలు చూద్దాం. పీల్చే మందు మోతాదు మైక్రోగ్రాముల్లో ఉంటుంది. రోజుకు 200 మైక్రోగ్రాముల బుడెసొనైడ్ ఏడాది పొడవునా వాడితే మొత్తం 73 మిల్లీగ్రాములు. ఒక్క గట్టి ఆయాసానికి రోజుకు 20 మిల్లీగ్రాముల చొప్పున ఐదు రోజులు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మింగిస్తే 100 మిల్లీగ్రాములు. రెండూ వేర్వేరు మందులు కాబట్టి అచ్చంగా సరిపోల్చలేం. కానీ పీల్చేది నేరుగా ఊపిరితిత్తుల్లో పనిచేస్తుంది, మింగేది ఒళ్లంతా తిరుగుతుంది. ఆయాసాలను రానివ్వకపోతే మింగే స్టెరాయిడ్ అవసరమే తగ్గుతుంది. ఎదుగుదల మీద కొద్దిపాటి ప్రభావం ఉన్న మాట నిజమే: మొదటి ఏడాదిలో అర సెంటీమీటరు దాకా ఎత్తు తక్కువ పెరగవచ్చు, ఏళ్లు గడిచేకొద్దీ అది అంతకంతకూ పెరుగుతూ పోదు. అదుపులో లేని ఆస్తమా కూడా ఎదుగుదలను దెబ్బతీస్తుంది. అందుకే డాక్టర్లు పనిచేసే అతి తక్కువ మోతాదుతో నడిపిస్తారు, ప్రతిసారీ ఎత్తు కొలుస్తారు.

ఇన్‌హేలర్‌కి పిల్లలు అలవాటు పడిపోతారన్నది అపోహ. మానేస్తే లక్షణాలు తిరిగొస్తున్నాయంటే వాపు ఇంకా ఉందనే. పైగా ఇన్‌హేలర్ పిల్లలను దృష్టిలో పెట్టుకుని పుట్టిన వస్తువే. 1955లో అమెరికాలో ఒక మందుల కంపెనీ అధిపతిని ఆస్తమా ఉన్న ఆయన పదమూడేళ్ల కూతురు "నా మందు కూడా హెయిర్ స్ప్రేలా డబ్బాలో ఎందుకు రాదు?" అని అడిగింది. ఆ మరుసటి ఏడాదే కొలత ప్రకారం మందు వదిలే మొదటి ఇన్‌హేలర్ మార్కెట్లోకి వచ్చింది.

రిలీవర్ ఒక్కదాని మీదే నెట్టుకురావడం ఎంత ప్రమాదమో 2014లో వెలువడిన బ్రిటన్ జాతీయ ఆస్తమా మరణాల సమీక్ష చూపించింది. చనిపోయేనాటికి రిలీవర్ వాడుతున్నవారిలో 39 శాతం మందికి అంతకుముందు ఏడాదిలో 12కు మించి రిలీవర్ ఇన్‌హేలర్లు రాసిచ్చారు. రిలీవర్ త్వరత్వరగా అయిపోతోందంటే అది మందు బాగా పనిచేస్తోందనడానికి గుర్తు కాదు, వాపు చెయ్యి దాటిపోతోందని. ఆస్తమా చికిత్సకు అంతర్జాతీయ మార్గదర్శకాలు ఇచ్చే గ్లోబల్ ఇనిషియేటివ్ ఫర్ ఆస్తమా, పొట్టిగా గినా, 2019 నుంచి పన్నెండేళ్లు పైబడినవాళ్లకు సాల్బుటమాల్ ఒక్కటే వాడే పద్ధతిని సిఫారసు చేయడం లేదు. బుడెసొనైడ్, కండరాన్ని వదులు చేసే ఫార్మొటెరాల్ కలిసిన ఇన్‌హేలర్‌నే రిలీవర్‌గా కూడా వాడించే పద్ధతి ఉంది. మీ బిడ్డ వయసుకు అది సరిపోతుందేమో డాక్టర్‌ను అడగండి.

మాంటెలుకాస్ట్ మాత్ర గురించి ఒక మాట. రాత్రిపూట నమలడానికి తేలిక కాబట్టి ఇన్‌హేలర్ బదులు ఇది చాలదా అని చాలామంది అడుగుతారు. పీల్చే స్టెరాయిడ్ అంత బాగా ఇది పనిచేయదు. పైగా పీడకలలు, చిరాకు, ప్రవర్తనలో మార్పు, దిగులు వంటి వాటి గురించి అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ 2020 మార్చిలో అత్యంత తీవ్రమైన హెచ్చరికను ఈ మందు మీద పెట్టించింది. మీ బిడ్డ ఇది వాడుతూ ఉన్నట్టుండి మారిపోయినట్టు అనిపిస్తే వెంటనే డాక్టర్‌కి చెప్పండి.

నాలుగో మెట్టు: స్పేసర్‌తో ఇన్‌హేలర్ ఇవ్వడం

మందు పనిచేయడం లేదని వచ్చే పిల్లల్లో చాలామందికి మందు ఊపిరితిత్తుల దాకా చేరడమే లేదు. నేరుగా నోట్లో కొడితే చాలా భాగం గొంతు వెనక్కి తగిలి అక్కడే ఆగిపోతుంది. ఇన్‌హేలర్‌కి, నోటికి మధ్య పెట్టే బోలు గొట్టమే స్పేసర్. అందులోకి కొడితే మందు నెమ్మదించి, బిడ్డ శ్వాసతో పాటు లోపలికి వెళ్తుంది. నాలుగేళ్ల లోపు పిల్లలకు స్పేసర్‌తో పాటు మాస్క్ కావాలి. నాలుగైదేళ్లు వచ్చి, గొట్టాన్ని పెదవులతో గట్టిగా పట్టి నోటితో పీల్చడం నేర్చుకున్నాక మాస్క్ తీసేయవచ్చు. మాస్క్ అవసరం తీరాక కూడా స్పేసర్ ఉండాల్సిందే, పెద్దపిల్లలకైనా సరే.

1. బిడ్డను నిటారుగా కూర్చోబెట్టండి. పసిబిడ్డ అయితే ఒళ్లో, తల మీ ఛాతీకి ఆనించి.
2. ఇన్‌హేలర్ మూత తీసి బాగా ఊపండి. కొత్తదైనా, చాలా రోజులు వాడనిదైనా ముందు గాలిలోకి కొన్ని పఫ్‌లు వదలాలి. ఎన్ని వదలాలో పెట్టెలోని కాగితం మీద ఉంటుంది.
3. స్పేసర్‌కి బిగించండి. మాస్క్ అయితే ముక్కు, నోరు రెండూ కప్పేలా, చుట్టూ సందు లేకుండా పెట్టండి. చిన్న సందున్నా మందు వృథా అవుతుంది.
4. ఒక్క పఫ్ నొక్కండి. మామూలుగా ఐదారు శ్వాసలు తీసుకోనివ్వండి, స్పేసర్ కవాటం కదులుతోందో లేదో చూడండి. పెద్దపిల్లలైతే నెమ్మదిగా లోతుగా పీల్చి, పది సెకన్లు ఊపిరి బిగబట్టమనండి.
5. ఇంకో పఫ్ ఇవ్వాలంటే అర నిమిషం ఆగి, మళ్లీ ఊపి, మళ్లీ మొదటి నుంచి. రెండు పఫ్‌లు ఒకేసారి స్పేసర్‌లోకి కొట్టొద్దు.
6. నివారణ మందు తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మించాలి, లేదంటే నోట్లో తెల్లపూత రావచ్చు. మాస్క్ వాడితే మొహం కూడా తుడవండి.

ఏడుస్తున్నప్పుడు మందు సరిగ్గా వెళ్లదు. ఏడుపులో బిడ్డ లోతుగా పీలుస్తుంది కదా అనుకుంటారు, కానీ మందులో ఎక్కువ భాగం గొంతు దగ్గరే ఉండిపోతుంది. కాబట్టి ఆయాసం లేని రోజున మాస్క్‌ను ఆటవస్తువులా ముట్టుకోనివ్వండి, బొమ్మకు పెట్టి చూపించండి, బొమ్మ ఎన్ని శ్వాసలు తీసుకుందో పాపనే లెక్కపెట్టమనండి. ముందు మందు లేకుండా మాస్క్ పెట్టి తీయడం అలవాటు చేసి, ఆ తర్వాతే పఫ్. ఇలా నాలుగు రోజులు ఓపిక పట్టి నేర్పితే తర్వాత ఏళ్ల తరబడి మీకు పెనుగులాట ఉండదు. బలవంతంగా పట్టి వేసే మందును పిల్లలు భయంతో గుర్తుపెట్టుకుంటారు.

ప్లాస్టిక్ స్పేసర్‌ను మొదటిసారి వాడే ముందు, ఆ తర్వాత నెలకోసారి, గోరువెచ్చటి నీళ్లలో ఒక చుక్క గిన్నెలు కడిగే ద్రవం కలిపి కడగండి. గుడ్డతో తుడవకండి, దానంతట అదే ఆరనివ్వండి. రుద్దితే ప్లాస్టిక్‌లో స్థిర విద్యుత్తు పుట్టి మందు గోడలకే అతుక్కుంటుంది.

ఇన్‌హేలర్‌లో మందు ఉందో లేదో చూడటానికి నీళ్లలో వేయడం, ఊపి చూడటం నమ్మదగ్గవి కావు. మందు అయిపోయినా గ్యాస్ వస్తూనే ఉంటుంది. డోస్ కౌంటర్ ఉంటే చూసుకోండి. లేకపోతే మొదలుపెట్టిన తేదీ దాని మీదే రాయండి: 200 పఫ్‌ల డబ్బా రోజుకు నాలుగు చొప్పున 50 రోజులు వస్తుంది.

మామూలు, మధ్యస్థ స్థాయి ఆయాసంలో స్పేసర్‌తో ఇచ్చిన సాల్బుటమాల్ నెబులైజర్‌కు ఏమాత్రం తీసిపోదని పరిశోధనలు తేల్చాయి. గుండె దడ కూడా తక్కువ. నెబులైజర్ అవసరమయ్యేది ఆక్సిజన్ కూడా పెట్టాల్సినంత తీవ్రమైన స్థితిలో, ఆస్పత్రిలో.

ఐదో మెట్టు: రెచ్చగొట్టే వాటిని తగ్గించడం

పిల్లల్లో ఆస్తమాను ఎక్కువగా రేపేది జలుబు వైరస్. సెలవులు ముగిసి బడులు తెరిచిన వారాల్లో ఆస్పత్రులకు వచ్చే పిల్లలు పెరగడానికి ఇదే కారణం. చేతులు కడగడం అలవాటు చేయండి, ఏటా ఫ్లూ టీకా వేయించండి. సెలవుల్లో మానేసిన నివారణ మందును బడి తెరవకముందే మళ్లీ గాడిలో పెట్టండి.

తర్వాతి స్థానం పొగది. ఇంట్లో ఎవరూ సిగరెట్ కాల్చకూడదు, బాల్కనీలో కాల్చి వచ్చినా సరే, బట్టలకు జుట్టుకు పట్టిన పొగ బిడ్డను చేరుతుంది. ఈ విషయంలో రాజీ పడే మధ్యేమార్గం ఏదీ నాకు కనిపించదు. పొయ్యి పొగ, చెత్త కాల్చే పొగ, ఘాటైన స్ప్రేలు కూడా అంతే. బయటి గాలి మన చేతిలో లేదు కానీ దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. లండన్‌లో 2013లో ఆస్తమాతో చనిపోయిన తొమ్మిదేళ్ల పాప మరణానికి కారణాల్లో వాయు కాలుష్యం కూడా ఉందని 2020 డిసెంబరులో అక్కడి కరోనర్ (మరణ కారణాన్ని విచారించే అధికారి) తేల్చారు. కాలుష్యం ఎక్కువగా ఉన్న రోజు ఆరుబయట పరుగులాటలు తగ్గించండి, బడికి నడిచే దారి రద్దీ రోడ్డు పక్క నుంచి కాకుండా చూడండి.

దుమ్ములో ఉండే డస్ట్ మైట్స్ అనే కంటికి కనిపించని పురుగులు పరుపుల్లో, దిండ్లలో, మెత్తటి బొమ్మల్లో పెరుగుతాయి. దుప్పట్లు, గలేబులు వారానికోసారి 60 డిగ్రీల వేడి నీళ్లలో ఉతికితే చస్తాయి. పొడి చీపురుతో ఊడ్చేటప్పుడు బిడ్డ ఆ గదిలో ఉండకూడదు, తడిగుడ్డతో తుడవడం మేలు. గోడల చెమ్మ, బూజు ఉంటే నీరు ఎక్కడి నుంచి దిగుతోందో అది సరిచేయించాలి, పైన రంగు వేస్తే పోదు. పెంపుడు జంతువులు, పుప్పొడి కొందరికే పడవు. మీ నోట్‌బుక్ చూస్తే తెలుస్తుంది, ముందే అన్నీ మాన్పించనక్కర్లేదు.

తిండి విషయంలో కూడా అంతే. నిజమైన ఆహార అలర్జీ ఉన్న కొద్దిమంది పిల్లలకు తప్ప మిగతావాళ్లకు ఏదీ మాన్పించాల్సిన పనిలేదు. ఆహార అలర్జీ, ఆస్తమా రెండూ ఉంటే మాత్రం ముప్పు ఎక్కువ, డాక్టర్ దగ్గర ప్రత్యేకంగా ప్లాన్ తీసుకోండి.

ఆరో మెట్టు: రాతపూర్వక ప్లాన్

డాక్టర్ దగ్గర నుంచి ఒక కాగితం రాయించుకుని రండి. అందులో మూడు రంగుల భాగాలు ఉంటాయి. ఆకుపచ్చ: దగ్గు, ఆయాసం లేవు, రాత్రి నిద్ర బాగుంది, రోజువారీ మందు మాత్రమే. పసుపు: జలుబు మొదలైంది, రాత్రి దగ్గు, ఆటలో రొప్పు; ఏ మందు ఎంత పెంచాలి, ఎప్పుడు ఫోన్ చేయాలి. ఎరుపు: వెంటనే ఆస్పత్రి, దారిలో ఇవ్వాల్సిన మందు. ఐదారేళ్లు దాటిన పిల్లలు ఊదే వేగాన్ని కొలిచే పీక్ ఫ్లో మీటర్ వాడుతుంటే, వాళ్లు బాగున్నప్పుడు ఊదిన అత్యధిక అంకెలో 80 శాతం పైన ఆకుపచ్చ, 50 నుంచి 80 పసుపు, 50 లోపు ఎరుపు.

ఈ కాగితం ఫ్రిజ్ తలుపు మీద ఉండాలి. ఫొటో తీసి అమ్మమ్మ, తాతయ్యలకు, బిడ్డను చూసుకునే ప్రతి ఒక్కరికీ పంపండి. రాత్రి రెండు గంటలకు ఎవరికీ ఏదీ గుర్తుండదు.

ఏడో మెట్టు: ఆయాసం వచ్చినప్పుడు

ఆస్ట్రేలియాలో ప్రథమ చికిత్సగా నేర్పే 4-4-4 పద్ధతి గుర్తుపెట్టుకోవడం తేలిక. మీ డాక్టర్ ప్లాన్‌లో వేరే లెక్క ఉంటే దాన్నే పాటించండి.

1. బిడ్డను నిటారుగా కూర్చోబెట్టండి, పడుకోబెట్టొద్దు. గొంతు పెంచకుండా మాట్లాడండి.
2. స్పేసర్‌తో సాల్బుటమాల్ 4 పఫ్‌లు, ఒక్కోటి విడిగా, ఒక్కో పఫ్‌కు 4 శ్వాసలు.
3. 4 నిమిషాలు ఆగి చూడండి.
4. తగ్గకపోతే అలాగే ఇంకో 4 పఫ్‌లు ఇవ్వండి. అప్పటికీ తగ్గకపోతే అంబులెన్స్‌కి ఫోన్ చేసి, వచ్చేదాకా ప్రతి 4 నిమిషాలకూ 4 పఫ్‌లు ఇస్తూ ఉండండి.

కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆగి చూడకుండా వెంటనే అంబులెన్స్ పిలవండి, మందు ఇస్తూనే ఉండండి: ఒక్కో శ్వాసకు ఒకటి రెండు మాటలే వస్తున్నాయి, పసిబిడ్డ పాలు పట్టడం లేదు, పెదవులు నీలంగా లేదా బూడిదరంగులోకి మారాయి, డొక్కలు గట్టిగా ఎగురుతున్నాయి, బిడ్డ మగతగా ఉంది, లేదా పూర్తిగా అలసిపోయింది, పల్స్ ఆక్సిమీటర్‌లో 92 శాతం కంటే తక్కువ చూపిస్తోంది. ఇంకొకటి చాలా ముఖ్యం: ఇంతసేపూ పెద్దగా వినిపించిన పిల్లికూతలు హఠాత్తుగా ఆగిపోయి, బిడ్డ మాత్రం ఇంకా కష్టపడుతుంటే, తగ్గిందని ఊపిరి పీల్చుకోవద్దు. చప్పుడు చేయడానికి సరిపడా గాలి కూడా కదలడం లేదని అర్థం. అది అన్నిటికంటే ప్రమాదకరమైన గుర్తు.

ఆ సమయంలో ఆవిరి పట్టడం వద్దు, కాలే ప్రమాదమే తప్ప లాభం లేదు. నిద్ర వచ్చే దగ్గు సిరప్‌లు వద్దు. మిగిలిపోయిన యాంటీబయాటిక్ వద్దు, ఆస్తమా దాడికి అది పనిచేయదు. మింగే స్టెరాయిడ్ ఎప్పుడు ఇవ్వాలో ప్లాన్‌లో రాసి ఉంటేనే ఇవ్వండి.

గట్టెక్కాక ఒకటి రెండు రోజుల్లో డాక్టర్‌కి తప్పకుండా చూపించండి. ఒకసారి తీవ్రంగా వచ్చిన బిడ్డకు మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. అప్పుడు నివారణ మందును, అది ఇచ్చే తీరును మరోసారి చూసుకోవాలి.

ఎనిమిదో మెట్టు: బడి, ఆటలు

క్లాస్ టీచర్‌కి, ఆటల టీచర్‌కి ప్లాన్ కాపీ ఒక్కొక్కటి, పేరు రాసిన రిలీవర్, స్పేసర్ ఇవ్వండి. అవి తాళం వేసిన గదిలో ఉంటే ఉన్నా లేనట్టే. పదేళ్లు దాటిన పిల్లలు తమ దగ్గరే ఉంచుకోగలరు. అందరి ముందు ఇన్‌హేలర్ తీయడానికి సిగ్గుపడే వయసులో వాళ్లతో ఆ విషయం సూటిగా మాట్లాడండి, దాచుకుని ఆయాసపడటమే ప్రమాదమని చెప్పండి.

ఆటలు మాన్పించొద్దు. పద్నాలుగేళ్లకే ఆస్తమా ఉందని తేలిన బ్రిటన్ రన్నర్ పౌలా రాడ్‌క్లిఫ్ 2003లో లండన్ మారథాన్‌ను 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లలో పూర్తి చేసి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. పది నిమిషాలు ఒళ్లు వేడెక్కే వ్యాయామం చేసి మొదలుపెట్టాలి. డాక్టర్ చెప్పి ఉంటే ఆటకు పది పదిహేను నిమిషాల ముందు రిలీవర్ తీసుకోవచ్చు. ప్రతి ఆటకూ అది కావాల్సి వస్తుంటే నివారణ మందు చాలడం లేదని లెక్క.

తొమ్మిదో మెట్టు: అదుపులో ఉందా లేదా

నెలకోసారి, గత నాలుగు వారాల గురించి ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోండి. పగలు లక్షణాలు వారానికి రెండుసార్లకు మించి వచ్చాయా? ఆస్తమా వల్ల రాత్రి ఒక్కసారైనా నిద్ర లేచారా? రిలీవర్ వారానికి రెండుసార్లకు మించి కావాల్సి వచ్చిందా? ఆటపాటలు తగ్గాయా? ఐదేళ్ల లోపు పిల్లలకు మొదటి, మూడో ప్రశ్నల్లో రెండుసార్లకు బదులు ఒకసారి అని చదువుకోండి. ఇవి గినా వాడే ప్రశ్నలే. అన్నిటికీ లేదు అంటే అదుపులో ఉంది. ఒకటి రెండిటికి అవును అంటే పాక్షికంగా ఉంది, మూడు నాలుగు అయితే లేదు. అదుపులో లేకపోతే మోతాదు పెంచమని అడిగేముందు ఇన్‌హేలర్ ఇచ్చే తీరు, మానేసిన పూటలు, ఇంట్లో పొగ, ముక్కు అలర్జీ ఈ నాలుగూ సరిచూసుకోండి. నిజాయితీగా "వారంలో మూడు రోజులు మరిచిపోతున్నాం" అని చెబితే డాక్టర్ రోజుకు రెండుసార్ల మందును ఒకసారికి మార్చే దారి చూడగలరు. పళ్లు తోముకునే వేళకు మందును జతచేస్తే మరుపు చాలా తగ్గుతుంది.

మూడు నెలలు పూర్తిగా అదుపులో ఉంటే డాక్టర్ మోతాదును 25 నుంచి 50 శాతం దాకా తగ్గించి చూస్తారు. మీ అంతట మీరు ఆపేయొద్దు. తగ్గించడానికి జలుబుల కాలం, పరీక్షలు, ప్రయాణాలు లేని రోజులు ఎంచుకోండి, నోట్‌బుక్ మళ్లీ తెరవండి. చాలామంది పిల్లల్లో యుక్తవయసుకు లక్షణాలు తగ్గిపోతాయి. కొందరిలో పెద్దయ్యాక మళ్లీ వస్తాయి. మందులు పూర్తిగా ఆపాక కూడా గడువు తీరని రిలీవర్ ఒకటి, స్పేసర్ ఒకటి ఇంట్లో ఉంచండి. గడువు తేదీని ఫోన్‌లో రిమైండర్‌గా పెట్టుకోండి.